పుర్రచేతి పదును

తాత పదహారోనాటి పెద్దదినం అయిన మర్నాడు మా అత్త ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. అత్త అంటే మా మామ భార్య. చెడ్డ మనిషేమీ కాదు. పదహారు రోజులు వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ వండి పెట్టి ఆమె నడుము విరిగింది. ఇక ఆ రెండు గదుల ఇంట్లో మనుషులు కాలు చాపుకోవడానికి కాస్త చోటు చేద్దామనుకుంది, అంతే. తాత మంచం కింద ఉన్న ట్రంకుపెట్టెను బయటికి లాగి, పంచెలు ఒక పక్క, పాత కాగితాలు ఒక పక్క పెడుతూ పోయి, అడుగున ఉన్న, లారీలకు కప్పే పట్టాగుడ్డ చుట్ట తీసి చేత్తో బరువు చూసింది.

"ఇదేంది భువనా, ఇంత బరువుండాది. ఇనుమా?"

"తాత పేనాకత్తులు అత్తా."

"పెద్దాయనే పోయినాడు, ఇంక ఇన్ని కత్తులెందుకుమే ఇంట్లో. పాతినుప కొట్లో ఏసేస్తే సరి. నువ్వేమన్నా వీటితో వంకాయలు తరుక్కుంటావా?"

నవ్వబోయి ఏడ్చేశాను. అత్త బెదిరిపోయింది. "సరి సరి, నువ్వే తీస్కో. దీనికి పోయి ఏడస్తావా" అంటూ చుట్టను నేలమీద పెట్టింది. చేతికివ్వలేదు. మా ఇళ్లల్లో కత్తి చేతికివ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ పడదంటారు. కింద పెడితే అవతలివాళ్లు వంగి తీసుకోవాలి. నేను వంగి తీసుకున్నాను. అత్త అనుకున్నట్టు నేను తాత కోసం మాత్రమే ఏడవలేదు. ఆ చుట్టలో ఉన్నవాటిని పాడుచేసింది నేను. ఏడో తరగతిలో చేసిన పని అది. చేసి, దాని గురించి తాత దగ్గర నోరు విప్పలేదు. ఎప్పుడో ఒకనాడు ఆయన పక్కన కూర్చుని, తప్పయిపోయింది తాతా అని చెప్పి, తిట్టో దీవెనో ఆయన నోటినుంచి ఒక్క మాట విందామని ఇన్నేళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు వాయిదా వేయడానికి కూడా మనిషి లేడు.

నన్ను పెంచింది అవ్వా తాతే. అమ్మ మైలాపూరులో ఒక ఇంట్లో వంట చేసేది. తెల్లవారకముందే బయల్దేరి రెండు రైళ్లు మారి పోయేది, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఆమె వచ్చేసరికి నా జడ వేయడం, అన్నం పెట్టడం, నాలుగు తగిలించడం అన్నీ అవ్వ చేతులమీద అయిపోయి ఉండేవి. ఎన్నూరులో మా వీధి లారీల రోడ్డుకు వెనక వరస. పవర్‌హౌసు బూడిద ఆరేసిన బట్టలమీద పడుతుందని అవ్వ తెల్లబట్టలను లోపలి పక్క బయటికి తిప్పి ఆరేసేది. గాలి ఒక పూట సముద్రం నుంచి చేపల వాసన మోసుకొచ్చేది, ఇంకో పూట రోడ్డు నుంచి డీజిలు వాసన. తాత దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే వాసన. ఎండలో కాగిన పట్టా వాసన, దాని వెనక కొంచెం బీడీ. ఆయన స్నానం చేసి వచ్చినా అది పోయేది కాదు. చిన్నప్పుడు నేను మగవాళ్లందరి దగ్గరా అదే వాసన వస్తుందనుకునేదాన్ని.

తాతది లోడు లారీలమీద పట్టా కప్పి తాళ్లు బిగించే పని. ఆ పనికి జేబులో మడతకత్తి లేకపోతే జరగదు. తాడు కొయ్యాలి, బిగుసుకుపోయిన ముడి విప్పాలి, చినిగిన పట్టాకు మాటు వెయ్యాలి. ఆ కత్తినే మేం పేనాకత్తి అనేవాళ్లం. లారీల షెడ్డులో అందరికీ ఒకటి ఉండేది. మా తాతకు పదకొండు ఉండేవి. ఒకటి పనికి, మిగతా పదీ చూసుకోవడానికి. పల్లావరంలో శుక్రవారం సంత జరుగుతుంది. పాత గడియారాలు, పాత తాళాలు, ఎవరింట్లోవో గిన్నెలు, అన్నీ నేలమీద గోతాలు పరిచి అమ్ముతారు. మేమున్నది ఊరికి ఈ కొస, పల్లావరం ఆ కొస. అయినా పని లేని శుక్రవారం తాత ఉండబట్టలేక పోయేవాడు. ఎప్పుడో ఏడాదికొకసారి ఒక కత్తి తెచ్చేవాడు. అలా చేరిన వాటికి ఆయనే ఒక పాత పట్టాముక్కతో, ఒక్కో కత్తికి ఒక్కో అర వచ్చేట్టు చుట్ట కుట్టాడు. ఆ కుట్టు ఇప్పటికీ ఒక్క పోగు కూడా వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు తిని, నిమ్మతొక్కతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవాడు. చేతికి పులుపు ఉంటే ఇనుమును తింటుందట. తరవాత పేపరు పరిచి, చుట్ట విప్పి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఒక్కొక్కటీ తీసి చెవి దగ్గర పెట్టుకుని తెరిచేవాడు. ఆ టక్కుమనే చప్పుడును బట్టి లోపలి స్ప్రింగు ఎలా ఉందో చెప్పేవాడు. ఒకదాని అలుగు, అంటే కోసే రేకు, చిలకముక్కులా వంగి ఉండేది. అది తోటమాలిది, మొక్కలకు అంట్లు కట్టడానికి. ఒకదానికి అలుగు కాకుండా వెనక పక్క బొటనవేలంత లావు ఇనుపముల్లు మడిచి ఉండేది. అది ఓడమీద పనిచేసేవాళ్లది, తడి తాళ్ల ముడులు విప్పడానికి. ఒకదానికి ఇత్తడి పిడి, అరిగి అరిగి సబ్బుబిళ్లలా నున్నగా ఉండేది. తాత దేన్నీ తోమేవాడు కాదు. ఎర్రగా తుప్పు పట్టిన చోట మాత్రం కుట్టుమిషను నూనె గుడ్డకు పూసి మెల్లగా రుద్దేవాడు. నల్లబడిన ఇనుమును ముట్టేవాడు కాదు.

"ఎర్రది రోగం, నల్లది వయసు. రోగానికి మందు ఎయ్యాల, వయసుకి ఎందుకేస్తారు?" అనేవాడు.

ఆయనకు అన్నింటికన్నా ఇష్టం అలుగు చూసి మనిషిని చెప్పడం. "ఈడు పిసినారిమే. కొసొక్కటే వాడినాడు చూడు, తక్కినదంతా కూతురు పెండ్లికని దాచినాడు." ఇంకోటి తీసి, "ఈడు తొందరగాడు. మధ్యలో గుంట పడేట్టు నూరినాడు. ఈడికి పెండ్లాంతో కూడా పడుండదు" అనేవాడు. అవ్వ వంటింట్లోనుంచే, "నీ కత్తి ఎవురి చేతికన్నా చిక్కితే నీ గురించి ఏం చెప్తారో అది చూసుకో" అనేది. తాత నా వైపు కన్ను కొట్టి, గొంతు తగ్గించి, "అందుకే నాది ఎవురికీ ఇవ్వను" అనేవాడు.

ఆ పదకొండులో రెండు మాత్రం ఒకే అచ్చు. గేదెకొమ్ము పిడి, ఒకే పొడవు. తాతా, ఆయన తమ్ముడు ఏడుకొండలూ మొదటి కూలి అందుకున్న రోజు ఇద్దరూ ఒకే అంగట్లో కొనుక్కున్నారట. ఏడుకొండలు చిన్నతాతను నేను చూడలేదు. నేను పుట్టకముందే, లోడు మీద నిలబడి తాడు లాగుతుంటే అది తెగి రోడ్డుమీద పడ్డాడు. ఆయన ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు, తీయించుకునే వయసు రాకముందే పోయాడు. ఎడంచేతివాటం మనిషి. "పుర్రచెయ్యోడు, వాడు ముడేస్తే ఎవురికీ ఊడేది కాదు" అని తాత చెప్పేవాడు. ఒక ఆదివారం ఆ తమ్ముడి కత్తి తెరిచి నా బొటనవేలు పట్టుకుని పదును మీద అడ్డంగా ఆనించాడు.

"తెలస్తా ఉండాదా? కుడిచేతోళ్లు నూరితే వాలు ఈ పక్కకొస్తాది. ఇది ఆ పక్కకి వాలింది. పుర్రచెయ్యి. పడిన దినం పొద్దున కూడా నూరుకున్నాడు, నేను చూస్తానే ఉండా. వాడు పోయినాక నేను దీన్ని రాయి మీద పెట్టలే."

"ఎందుకు తాతా?"

"నేను పెడితే నా చెయ్యొచ్చేస్తాది దానిమీద."

ఈ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది కానీ విన్నాను. విని ఏం అర్థం చేసుకున్నానంటే, తాత నూరకూడదు, అంతే. వేరేవాళ్లు నూరొచ్చు.

ఆయుధపూజ వచ్చింది. ఈ ఊళ్లో ఆయుధపూజ ఎలా చేస్తారో తెలిసిందే కదా. ఆటోకు అరటిచెట్టు కడతారు, కుట్టుమిషనుకు బొట్టు పెడతారు, స్క్రూడ్రైవరు దగ్గర్నుంచి దువ్వెన దాకా ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువూ తళతళలాడాలి. మా అవ్వ ముందురోజే కత్తిపీట, అట్లకాడ, దబ్బనం అన్నీ తోమడానికి వేసింది. తాత షెడ్డు కడగడానికి పోయాడు. ఏటా ఆయన తన కత్తుల చుట్టను విప్పకుండానే దేవుడి ముందు పెట్టి బొట్టు పెట్టేవాడు. అది నాకు చిన్నతనంగా ఉండేది. పక్కింట్లో వాళ్ల పట్టుకార్లూ సుత్తులూ వెండిలా మెరుస్తుంటే, మా తాతవి మాత్రం నల్లగా, ముసుగేసుకుని. ఈసారి తాత వచ్చి చూసి మురిసిపోవాలి అనుకున్నాను. చింతపండు, ఇటుకపొడి తీసుకుని పిడులన్నీ తోమాను. కొమ్ము పిడులు కూడా తోమాను. నల్లదనం పోయి సున్నం పూసినట్టు పాలిపోయాయి. అలుగులు మాత్రం ఎంత రుద్దినా తెల్లబడలేదు.

అంతలో వీధిలో సానవాడి కేక వినబడింది. సైకిలుకు స్టాండు వేసి, తొక్కుతూ రాయి తిప్పే మనిషి. అవ్వ కత్తిపీట ఇచ్చి రమ్మంది. నేను కత్తిపీటతోపాటు వీటినీ గౌనులో పోసుకుని పోయాను.

"ఇన్నా? ఎవురివి పాపా ఇవి?"

"మా తాతవి."

"పాతవిమ్మా. రాయి మీద పెడితే బాగా పోతాది ఇనుము. అడిగే తెచ్చినావా?"

"తాతే ఇమ్మన్నాడు" అన్నాను.

నిప్పురవ్వలు చూడటం నాకు ఎంత సరదానో. ఒక్కొక్క కత్తీ రాయికి ఆనగానే నారింజ రంగు రవ్వలు నా పాదాల దాకా ఎగిరి ఆరిపోయేవి. చిలకముక్కు వంపు కొంచెం తగ్గింది. ఇత్తడి పిడి కత్తి అలుగు సన్నబడింది. జంటకత్తులు రెండూ ఒకదాని తరవాత ఒకటి పెట్టాడు. ఒక్కోటీ ఒక నిమిషం కూడా పట్టి ఉండదు.

మర్నాడు పొద్దున తాత బొరుగులు, అరటిపండ్లు, బూడిదగుమ్మడికాయ పట్టుకుని వచ్చాడు. నేను అప్పటికే చుట్టను విప్పి పరిచి, కత్తులన్నీ తెరిచి వరసగా పెట్టి ఉన్నాను. అవ్వ ఎదురుపోయి, "చూడు, నీ మనవరాలు ఎంత పని చేసిందో. ఇన్నేండ్లలో నువ్వు ఒక్కసారన్నా ఇట్ట పెట్టుకున్నావా?" అంది. అవ్వ మెచ్చుకుంటూనే అంది. తాత గుమ్మడికాయ కింద పెట్టాడు. వంగి జంటకత్తులు రెండూ తీసుకుని, ఒకదాని మీద బొటనవేలు ఆనించాడు, రెండోదాని మీద ఆనించాడు. మళ్లీ మొదటిది. పిడులు తిప్పి చూశాడు. రెండూ ఒకేలా పాలిపోయి ఉన్నాయి.

"భువనా."

"ఏం తాతా?"

"ఇందులో ఏడుకొండలుది యేది?"

అప్పుడు అర్థమైంది నాకు. తెలీదు అని చెప్పి ఉంటే ఆ రోజే తిట్టేవాడేమో, అక్కడితో అయిపోయేదేమో. నేను ఒకదాన్ని చూపించి, "ఇదే తాతా" అన్నాను. ఊరికే చూపించాను.

"సరి" అన్నాడు. దానికి గంధం రాసి కుంకుమ పెట్టాడు. రెండోదానికి కూడా అంతే పెద్ద బొట్టు పెట్టాడు.

తరవాత బొరుగులు పంచాడు, వీధిలో గుమ్మడికాయ కొట్టాడు, షెడ్డుకు పోయి అక్కడ పూజ కూడా చేసి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు. ఆదివారం పేపరు పరిచి చుట్ట విప్పడం మాత్రం ఆగిపోయింది. నేను అడగలేదు, ఆయన పిలవలేదు. పల్లావరం పోవడం మానలేదు. పోయి ఉత్తచేతులతో వచ్చేవాడు. "పోనూ రానూ బస్సులో కూర్చునేదానికా పోతావుండావు?" అని అవ్వ దెప్పేది. "చుమ్మా, ఊరికే చూసొస్తా" అనేవాడు. అవ్వ చనిపోయాక కూడా పోయాడు. కంటికి పొర వచ్చాక కూడా, ఎవరి చెయ్యో పట్టుకుని రోడ్డు దాటి పోయాడు. నేను పదో తరగతి తప్పాను, మళ్లీ రాయలేదు, టి. నగర్‌లో చీరలకొట్లో చేరాను. పొద్దుటినుంచీ నిలబడి చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడిచిపెట్టడం. ఇంటికి వచ్చి తాత కాళ్ల దగ్గర కూర్చుంటే, "కాళ్లు నొప్పులా?" అని అడిగేవాడు. అప్పుడు చెప్పొచ్చు. ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. "ఊఁ, నొప్పులే" అని ఊరుకునేదాన్ని.

ఇప్పుడు మా వంటింట్లో ప్లాస్టిక్ పిడి కత్తి ఉంది. మొద్దుబారితే పారేసి ఇంకోటి కొంటాం. సానవాడి కేక విని ఎన్నాళ్లయిందో గుర్తులేదు, వినబడినా ఇవ్వడానికి మా వీధిలో ఎవరి దగ్గరా ఏమీ లేదు. తాత పోయాక ఒకసారి ఫోనులో పాత మడతకత్తులు అని వెతికితే, నాకు తెలియని ప్రపంచం ఒకటి బయటపడింది. ఎక్కడెక్కడివాళ్లో తమ కత్తుల ఫొటోలు పెట్టి గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. కొత్తగా చేరినవాళ్లకు పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే: తోమకండి, సానపట్టించకండి. చదివి ఫోను బోర్లించి పెట్టాను. మా తాత చదువులేనివాడు, వేలిముద్ర మనిషి. ఈ సంగతి ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయన మాటలు వినేదానికి ఇంతమంది ఉన్నారని ఆయనకు తెలియదు. ఆయనకు ఉన్నదల్లా నేను.

అందుకే, అన్నేళ్లూ అక్కడ ఆయన ఏం వెతికాడో తెలుసుకుందామని, పోయిన శుక్రవారం పల్లావరం పోయాను. శుక్రవారం సెలవడిగితే మా సూపర్‌వైజరు ఎగాదిగా చూసి పొద్దున ఒక గంట కొట్టుకు వచ్చి పొమ్మన్నాడు. చుట్టను సంచిలో వేసుకునే పోయాను. కొట్టు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న సంచి తడిమి, తెరిచి చూసి, "ఏందమ్మా, పొడిచేది ఓనరునా, సూపర్‌వైజరునా?" అన్నాడు. చిత్తూరు మనిషి. "ఇద్దర్నీ కాదన్నా, మా తాతవి" అంటే, నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా తన బల్ల కింద పెట్టి, పోయేటప్పుడు ఇచ్చాడు. ఆయనా బల్లమీద పెట్టే ఇచ్చాడు.

సంతలో పట్టమ్మవ్వను వెతికాను. తాళాలూ తలుపు బందులూ పాత కత్తులూ అమ్ముతుంది. చిన్నప్పుడు తాతతో ఒకసారి చూశాను. అప్పుడే ముసలిది, ఇప్పుడు ఇంకా ముసలిది, గొడుగు కింద గోతం మీద కూర్చుని తాంబూలం నములుతోంది. నన్ను చూడలేదు, సంచిలోనుంచి తీసిన చుట్టను చూసింది.

"ఆ కుట్టు మేస్త్రీది గదా. ఆయన యాడ?"

"పోయినాడవ్వా. నెలయింది."

నమలడం ఆపింది. "అట్టనా" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి, "కూర్చోమే, నిలబడతావెందుకు. మనవరాలివి గదూ. చీరలంగట్లో ఉండేదానివి, కాళ్లు వాస్తాయని చెప్పేవాడు" అంది.

"ఏం కొనడానికి వచ్చేవాడవ్వా? ఇంటికి ఒక్కటీ తేలేదు."

"కొంటే గదా తెచ్చేదానికి. వస్తాడు, గుట్టంతా ముందరికి లాక్కుంటాడు, ఒకటొకటే తెరిచి బొటనేలు పెట్టి చూస్తాడు, పెట్టేస్తాడు. నేనొకనాడు అడిగేస్తి. ఏం మేస్త్రీ, నా సరుకంతా పిసికి పిసికి పోతావుండావే, ఇవేమన్నా మామిడిపండ్లా అని. పుర్రచెయ్యోడు నూరిన కత్తి ఒకటి కావాల అన్నాడు. యే కత్తయినా పరవాలేదంట, చెయ్యి మాత్రం అదుండాలంట. ఎందుకయ్యా అంటే, ఇంట్లో ఒకటి ఉండె, నేనే బుద్ధిలేక సానకిచ్చుకున్నా అన్నాడు."

ఎలా చెప్పానో తెలియదు, ఇన్నేళ్లు తాతతో చెప్పలేనిది ఆమెతో చెప్పాను.

"ఆయన కాదవ్వా. ఇచ్చింది నేను. ఆయన చెప్పినాడని అబద్ధం చెప్పి ఇచ్చినా."

పట్టమ్మవ్వ తలెత్తలేదు. ఒక తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ అంది. "తెలుసులేమే. నేను తడిగుడ్డతో తుడిస్తేనే నాతో కొట్లాటకొచ్చే మనిషి. ఆయన సానకిస్తాడా? ఇంట్లో యే పిలకాయో చేసుంటాదిలే అనుకుంటి. ఆయనే తన మీద ఏసుకుంటా ఉంటే నేనెందుకు గెలికేది?"

"నా మీద కోపంగా ఏమన్నా అన్నాడా?"

"లేదుమే."

"బాధగా?"

"కత్తులు చూసేటప్పుడు ఆయనేం మాట్లాడడు. చూసుకుంటా ఉంటాడు." తాళం కింద పెట్టి, "కండ్లు కానరాకపోయినాక బాగా సులువైంది ఆయనకి. ఇట్ట ముఖం పైకెత్తుకుని ఏలితోనే చూసేవాడు" అంది.

"దొరికిందా అవ్వా? ఒకటన్నా?"

"యాడ దొరుకుతాది. లోకమంతా కుడిచెయ్యే గదా."

నేను చెప్పులు విడిచి ఆమె గోతం మీద కూర్చున్నాను. కత్తుల గుట్టను నా ముందరికి లాక్కున్నాను. పట్టమ్మవ్వ గొడుగును కొంచెం నా వైపుకు వంచింది. మొదటిది తెరిచాను. తుప్పు పట్టి గట్టిగా ఉంది, గోరు విరిగింది. బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాను. మూసి పక్కన పెట్టి ఇంకోటి తీశాను. తొందరగాళ్లు, పిసినార్లు, తోటమాలులు, ఎవరో ఎవరో, చనిపోయిన వాళ్ల చేతులన్నీ ఒక్కొక్కటిగా నా వేలి కిందకు వచ్చి పోతున్నాయి. ఎండ తిరిగింది, పక్క అంగడివాళ్లు గోతాలు మడుస్తున్నారు. గుట్ట అడుగు దాకా చూశాను. అన్నీ కుడిచేతివే.